93 ఏళ్ల నాన్నగారిని కాగితం మీదికి తేవడం ఎలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1931లో పుట్టిన మీ నాన్నగారు 93వ ఏట కన్నుమూశారు. వచ్చే నెల కుటుంబమంతా ఒకచోట చేరుతున్నారు. ఆ రోజు ఆయన గురించి మీరు మాట్లాడాలి. ఆ తరువాత మనవలు, మనవరాళ్ల కోసం చిన్న పుస్తకం కూడా తేవాలని ఉంది. రాయడానికి కూర్చుంటే ‘కష్టజీవి, నిరాడంబరుడు, అందరినీ ప్రేమించారు’ అన్న మూడు మాటల దగ్గరే కలం ఆగిపోతోంది. ఆయన ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చిన రోజు గురించి మీకూ అన్నయ్యకూ జ్ఞాపకాలు కలవడం లేదు. పైగా పలకరించడానికి వచ్చినవాళ్లంతా ‘నిండు జీవితం గడిపారు, బాధపడకండి’ అంటుంటే, మీ దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదని రాశారు.

నేను 22 ఏళ్లుగా కుటుంబాల కోసం ఇలాంటి పుస్తకాలు రాస్తున్నాను. మా నాన్నగారు పోయినప్పుడు మా ఇంటి కోసమూ ఒకటి రాసుకున్నాను. ఆ పనిలో తెలుసుకున్నవే చెబుతాను. మీరు చివర రాసిన మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలకపోతే మిగతా పనికి చెయ్యి ఆడదు.

‘నిండు జీవితం’ అన్న మాట అబద్ధం కాదు. కానీ అది పోయినవారికి వర్తించే మాట. మిగిలినవారి సంగతి వేరు. 60 ఏళ్లు వచ్చేదాకా తండ్రి నీడలో ఉన్న మనిషికి, తండ్రి లేని లోకం ఎలా ఉంటుందో ఒక్కరోజు కూడా అనుభవం లేదు. పొద్దున ఫోను ఎత్తి ఎవరికి చెయ్యాలో తోచని స్థితి మీకు ఇదే మొదటిసారి. ఎక్కువ కాలం కలిసి ఉంటే ఎడబాటు తేలిక అవుతుందని ఎవరు అనుకున్నారో నాకు తెలియదు. నేను చూసిన ఏ ఇంట్లోనూ అలా జరగలేదు. మీ దుఃఖం ఉండవలసినంతే ఉంది. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

దుఃఖానికి అయిదు దశలు ఉంటాయని కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే వైద్యురాలు 1969లో ఆ దశలను వివరించారు. అయితే ఆవిడ మాట్లాడింది మరణానికి దగ్గరైన రోగులతో. తమ చావును తాము ఎలా ఎదుర్కొంటారన్నది ఆవిడ చూసిన విషయం. వెనక మిగిలినవాళ్లకు దాన్ని అన్వయించడం తరువాత జరిగింది. అందుచేత ‘నేను ఇప్పుడు ఏ దశలో ఉన్నాను’ అని లెక్క చూసుకోకండి. నాకు దీనికంటే దగ్గరగా అనిపించింది మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన మాట. పోయినవారి తలపులోకి కాసేపు, బతుకు పనుల్లోకి కాసేపు, మనసు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుందనీ, ఆ తిరగడమే ఆరోగ్యమనీ వాళ్లు అంటారు. పుస్తకం పని కూడా అలాగే చెయ్యండి. ఒక గంట ఆయన కాగితాల్లో కూర్చుని, లేచి వెళ్లి మరో పని చూసుకోండి. రోజంతా కూర్చున్నవాళ్లు రెండో వారానికి పని వదిలేయడం చాలాసార్లు చూశాను.

ఇక రాత సంగతి. మూడు మాటల దగ్గర కలం ఆగడానికి కారణం మీకు భాష లేకపోవడం కాదు. 93 ఏళ్ల జీవితాన్ని ఒక్క మనిషి జీవితంగా చూస్తున్నారు, అదీ అసలు చిక్కు. ఇంత పొడుగు జీవితంలో కనీసం ఆరేడుగురు మనుషులు ఉంటారు. అన్నదమ్ములతో గోడలు దూకిన పిల్లవాడు ఒకరు. కొత్తగా పనిలో చేరి మొదటి జీతాన్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్న కుర్రవాడు ఒకరు. మీ అమ్మగారికి మాత్రమే తెలిసిన భర్త ఒకరు. మీ చిన్నతనంలో గుమ్మంలో చెప్పుల చప్పుడుతోనే ఇల్లంతా సర్దుకునేలా చేసిన తండ్రి ఒకరు. మనవల వేలు పట్టుకుని నెమ్మదిగా నడిచిన తాతయ్య ఇంకొకరు. వీళ్లందరికీ సరిపోయే మాట కోసం వెతికితే ‘మంచివారు’ అన్న మాటే దొరుకుతుంది. మంచివారే, సందేహం లేదు. కానీ ఆ మాట చదివిన మనవడికి తాతయ్య కనబడరు.

కాబట్టి గుణాలను పక్కన పెట్టి, వయసుతో మొదలుపెట్టండి. ఒక పెద్ద కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క లోకంలో జరిగినవి, కుడి పక్క ఆ ఏడు ఆయన వయసు, ఆయన ఎక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయనకు 8 ఏళ్లు, 1945లో అది ముగిసేనాటికి 14. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన 1969లో ఆయనకు 38. భూమి మీద మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన 1980లో 49. కరోనా లోకాన్ని ఇళ్లలో కట్టి పడేసిన 2020లో 89. ఇవన్నీ పుస్తకంలో పెట్టమని కాదు. ఈ కాగితం ముందు కూర్చుంటే ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. మశూచి పోయిందని ప్రకటించేనాటికి 49 ఏళ్లంటే, అంతకుముందు జీవితంలో చాలా భాగం ఆ భయంతోనే బతికారన్నమాట. ఆయన తోబుట్టువుల్లో ఎవరికైనా వచ్చిందా? పిల్లలకు జ్వరం వస్తే ఆయన అంత గాభరాపడింది అందుకేనా? ఇలాంటి ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే, మీరు చిన్నప్పటి నుంచి ‘నాన్న స్వభావం’ అనుకున్నది ఒక కాలం ఆయన మీద వేసిన ముద్ర అని తెలుస్తుంది.

దీర్ఘాయువు గురించి ఇంకో సంగతి కూడా ఆ కాగితమే చెబుతుంది. 1950 నాటికి ప్రపంచంలో సగటు ఆయుర్దాయం సుమారు 46 ఏళ్లే. అప్పుడు మీ నాన్నగారికి 19. చిన్న వయసులో పోయినవాళ్లు ఎక్కువ కావడం వల్ల ఆ సగటు అంత తక్కువగా ఉంది. అంటే ఆయన తోటి పిల్లల్లో ఎందరో పెద్దవాళ్లు కానేలేదు. పెద్దయినవాళ్లను కూడా ఆయన ఒక్కొక్కరినే సాగనంపుతూ వచ్చారు. 93 ఏళ్లు బతకడమంటే, తనను పేరుపెట్టి ‘ఒరేయ్’ అని పిలిచే మనిషి ఒక్కరూ మిగలని రోజును చూడటం. చివరి పదేళ్లలో ఆయన మౌనంగా ఉండేవారని రాశారు కదా. ఆ మౌనంలో ఇది కూడా ఉందేమో ఆలోచించండి.

ఇప్పుడు మా నాన్నగారి మేకుల డబ్బా సంగతి చెప్పాలి. ఆయన పోయాక గది సర్దుతుంటే, అటక మీద మూత బిగిసిపోయిన రేకు డబ్బా ఒకటి దొరికింది. నిండా మేకులు. ఒక్కటీ కొత్తది కాదు. పాత చెక్కల్లోంచి పీకి, రాతి మీద పెట్టి సుత్తితో కొట్టి, వంకర తీసిన మేకులు. కొన్నింటి మీద సుత్తి దెబ్బలు వరసగా, చిన్న చిన్న పలకల్లా కనిపించాయి. పొడవును బట్టి మూడు కాగితపు పొట్లాలు కట్టి పెట్టారు. మా అబ్బాయి చూసి, ‘తాతయ్య ఇంత పిసినారా?’ అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. తరువాత మా మేనత్తకు ఆ డబ్బా చూపించాను. ఆవిడ ఒక మేకు తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. యుద్ధ కాలంలో ఇనుము దొరకక, తలుపు చెక్క ఊడిపోతే నెలల తరబడి తాడుతో కట్టుకున్నామనీ, ఎక్కడైనా పాత పెట్టె విరిగి పడి ఉంటే అన్నయ్య పరుగెత్తుకెళ్లి మేకులు ఏరుకొచ్చేవాడనీ అప్పుడు చెప్పింది. అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు. ఆ తరువాత దాదాపు 70 ఏళ్లు ఆయన ఆ పని మానలేదు. మా పుస్తకంలో మొదటి పేజీ ఆ డబ్బాయే. ‘పొదుపరి’ అన్న మాట ఎక్కడా వాడలేదు, అవసరం రాలేదు. మా అబ్బాయి ఇప్పుడు ఆ పొట్లాల్లో ఒకటి తన దగ్గరే ఉంచుకున్నాడు.

మీ ఇంట్లోనూ అలాంటి వస్తువు ఒకటి తప్పకుండా ఉంటుంది. అందుకే ఆయన గది ఇంకా సర్దకపోతే, సర్దే ముందు ప్రతి మూలా ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు తీయండి. బల్ల మీద కళ్లజోడు ఏ పక్కన పెట్టుకునేవారు, తలగడ కింద ఏముంది, మంచం పక్కన చేతికి అందేలా ఏవి ఉన్నాయి. శుభ్రం చేయాలన్న తొందర అందరికీ ఉంటుంది, అది మంచి ఉద్దేశమే. కానీ ఒక్క మధ్యాహ్నంలో సర్దేసిన గదిని మళ్లీ అలా అమర్చలేం.

తరువాతి పని మనుషుల్ని అడగడం. ‘నాన్నగారు ఎలాంటివారు?’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా ‘దేవుడులాంటివారు’ అనే చెబుతారు. చేతుల గురించి, అలవాట్ల గురించి, మాటల గురించి అడగండి. ఆయన నీకు స్వయంగా నేర్పించిన పని ఏమిటి? కోపం వస్తే ముందు ఏం చేసేవారు? బయటికి వెళ్లేటప్పుడు చివరగా ఏం చూసుకునేవారు? ఏ మాట ఎక్కువగా అనేవారు? నిన్ను ఏమని పిలిచేవారు? మనవలూ మనవరాళ్లూ ప్రతి ఒక్కరినీ విడివిడిగా, ఇంకొకరు వినకుండా అడగండి. కలిసి కూర్చుంటే పెద్దవాడు చెప్పిందే మిగతావాళ్లూ చెబుతారు.

ఒక కుటుంబానికి పుస్తకం రాస్తున్నప్పుడు, పందొమ్మిదేళ్ల మనవరాలు నాతో, ‘తాతయ్య ఎప్పుడూ ముందు ఫోను పెట్టేసేవారు కాదండీ, నేను పెట్టేదాకా ఆగేవారు’ అంది. ఇంట్లో పెద్దవాళ్లెవరూ అది గమనించలేదు. నేను ఆ మాట ఆయన పెద్దకొడుకు దగ్గర అంటే, ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. కాసేపటికి చెప్పారు. పెళ్లయిన కొత్తలో తండ్రి దూరాన ఒంటరిగా ఉద్యోగం చేసేవారట. ట్రంకు కాల్ కోసం గంటల తరబడి కాచుకుంటే మూడు నిమిషాలు మాట దొరికేది. సగం మాటలో లైను తెగిపోయేది. ‘ఇంకేదో చెప్పబోతున్నారు’ అనుకుంటూ అమ్మ ఆ పూటంతా ఉండిపోయేదట. మనవరాలికి ఆ ట్రంకు కాల్ సంగతి తెలియదు. కొడుక్కి తండ్రి ఫోను పెట్టని సంగతి తెలియదు. రెండు ముక్కలూ ఒకచోట చేరాకే ఆ ఇంట్లో అందరికీ ఆయన తెలిశారు. మీరు చెయ్యబోయే పని కూడా ఇదే: ఒకరి దగ్గర సగం, ఇంకొకరి దగ్గర సగం ఉన్నవాటిని కలపడం.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్ల జ్ఞాపకాలు ఏ వయసు చుట్టూ గుమిగూడి ఉంటాయో తెలిస్తే మేలు. నడివయసు దాటినవాళ్లను గతం గురించి చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల వయసు మధ్యవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నో పరిశీలనల్లో చూశారు. మొదటి ఉద్యోగం, మొదటి ఊరు మార్పు, పెళ్లి, మొదటి బిడ్డ, అన్నీ అప్పుడే కాబట్టి ఆ ఏళ్లు చెరిగిపోవు. 88 ఏళ్ల మీ బాబాయిగారిని నిన్నమొన్నటి సంగతులు అడిగితే తడబడతారు. ఆయన 15వ ఏట మీ నాన్నగారు 20 ఏళ్ల యువకుడు. ఆ కాలం అడిగి చూడండి, పూసగుచ్చినట్టు చెబుతారు. ఒక పాత ఫొటో చేతిలో పెట్టి, ‘ఈ వెనక నిలబడినాయన ఎవరండీ?’ అని అడగడం అన్నిటికన్నా మంచి ఆరంభం.

కూర్చోబెట్టిన పెద్దవారిని అలసిపోయేలా చెయ్యకండి. 2003లో న్యూయార్కు రైల్వే స్టేషనులో చిన్న గది ఒకటి కట్టి, మామూలు మనుషుల సంభాషణలు రికార్డు చేయడం మొదలుపెట్టిన స్టోరీకార్ప్స్ అనే సంస్థ, ఒక్కో సంభాషణకు 40 నిమిషాలు కేటాయించింది. నా అనుభవంలోనూ అది సరైన కొలత. అంతకు మించితే చెప్పేవారి గొంతు అలుస్తుంది, అడిగేవారి చెవి అలుస్తుంది. ఇంకో రోజు మళ్లీ వెళ్లడమే నయం, ఈ మధ్యలో ఆయనకు ఇంకా ఎన్నో గుర్తుకొస్తాయి కూడా. ఆయన మాట ఆపితే మీరు వెంటనే అందుకోకండి. మనసులో పది లెక్కపెట్టండి. మంచి మాటలు ఎక్కువగా ఆ పది అంకెల లోపల వస్తాయి.

ఇక మీ అన్నయ్యతో వచ్చిన తేడా. ఉద్యోగం వదిలేసి వచ్చిన రోజు నాన్నగారు నవ్వుతూ వచ్చారని అన్నయ్య అంటారు. గోడకు ఆనుకుని చీకట్లో కూర్చున్నారని మీకు గుర్తు. ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చాలన్న పట్టుదల వదిలేయండి. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే శాస్త్రజ్ఞుడు, పాఠకులకు పరిచయం లేని ఒక జానపద కథ ఇచ్చి, కొన్నాళ్ల చొప్పున విడిచి మళ్లీ మళ్లీ చెప్పించారు. వాళ్లు అలవాటులేని వివరాలను వదిలేస్తూ, మిగిలినవాటిని తమకు తెలిసిన పద్ధతిలోకి మార్చుకుంటూ పోయారు. 1932లో ఆయన ప్రకటించిన ఈ పరిశీలన సారం ఏమిటంటే, మనం జ్ఞాపకాన్ని పెట్టెలోంచి తీసినట్టు తియ్యం, తలుచుకున్న ప్రతిసారీ మళ్లీ కట్టుకుంటాం. 50 ఏళ్లుగా మీరిద్దరూ ఆ రోజును వేరువేరుగా కడుతూ వచ్చారు.

అయినా ఒక ప్రశ్న వెయ్యాలి. ఆ రోజు అన్నయ్యకు 14 అన్నారు, మీకు 8. అన్నయ్య గుమ్మంలోనే నాన్నగారికి ఎదురుపడ్డారు. మీరు రాత్రి నీళ్ల కోసం లేచినప్పుడు చూశారు. మనిషి సాయంత్రం నవ్వుతూ వచ్చి రాత్రి చీకట్లో కూర్చోవడం జరగని పనా? పెద్దకొడుకు ముందు ధైర్యంగా కనబడాలనుకున్న తండ్రీ, ఇల్లంతా నిద్రపోయాక ఒంటరిగా లెక్కలు వేసుకున్న తండ్రీ ఒకే మనిషి కావచ్చు. పుస్తకంలో రెండూ రాయండి, ఎవరు ఎక్కడి నుంచి చూశారో చెప్పి మరీ రాయండి. రాజీనామా కాగితం గానీ, ఆ నెల డైరీ పేజీ గానీ దొరికితే తేదీ సరిచూసుకోండి. పేర్లు, తేదీలు, ఊళ్ల విషయంలో మాత్రం కాగితానిదే చివరి మాట. రెండు తరాల తరువాత చదివేవారికి అడగడానికి మనిషి ఉండరు.

ఆ రోజు గురించి రాయాలా వద్దా అని కూడా అడిగారు. తప్పకుండా రాయండి. కుటుంబ కథలు పిల్లల మీద ఎలా పనిచేస్తాయో అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారో తెలుసా, పెద్దవాళ్లలో ఎవరికైనా పెద్ద కష్టం వచ్చిందని తెలుసా వంటి 20 ప్రశ్నలు పిల్లలను అడిగారు. ఇంటి సంగతులు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. అన్నీ విజయాలే ఉన్న కథ కంటే, పడి లేచి, మళ్లీ పడి మళ్లీ లేచిన కథే పిల్లలకు ఎక్కువ బలం ఇస్తుందని డ్యూక్ అంటారు. ఆయన మనవల్లో ఎవరో ఒకరికి రేపు ఉద్యోగం పోతుంది. ఆ రోజు తాతయ్య చీకట్లో కూర్చున్న రాత్రి గురించి తెలిసి ఉండటం, ఆ తరువాత ఏడాదికి ఆయన ఏం చేశారో తెలిసి ఉండటం చాలా పెద్ద అండ.

అయితే లోపాలు రాయడంలో నేను ఒక నియమం పాటిస్తాను. బతికున్నవారిని నొప్పించేదీ, ఆయన స్వయంగా దాచిపెట్టమని చెప్పిందీ పుస్తకంలోకి రాకూడదు. మిగతాదంతా రావచ్చు. ఆయనకు కోపం ఎక్కువని రాస్తే ఆయన విలువ తగ్గదు. కోపం చల్లారాక తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా దగ్గేవారని రాశారే, అది యథాతథంగా ఉంచండి. క్షమాపణ చెప్పడం రాని తరం మనిషి అలా దగ్గి చెప్పేవారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు ఆయన కళ్లకు కట్టింది ఆ ఒక్క వాక్యంలోనే.

చివరి నెలల ఆస్పత్రి దృశ్యాలే కళ్ల ముందు తిరుగుతున్నాయన్నారు. చాలామంది ఇదే చెబుతారు. ఒక అనుభవాన్ని తలుచుకునేటప్పుడు మనసు దాని పొడవును దాదాపు లెక్కలోకి తీసుకోకుండా, అందులోని తీవ్రమైన క్షణాన్నీ ముగింపునూ పట్టుకుంటుందని డానియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1990లలో చేసిన ప్రయోగాల్లో చూపించారు. ఆయన చూసినవి చిన్న చిన్న అనుభవాలు. కానీ 93 ఏళ్ల మీద మూడు నెలలు ఎలా పరుచుకుంటాయో చూస్తే నాకు అదే గుర్తుకొస్తుంది. అందుకే చివరి రోజుల అధ్యాయం ఇప్పుడు రాయకండి. ముందు బాల్యం, యౌవనం రాయండి. ఆరు నెలల తరువాత చివరి రోజులకు రండి. అప్పటికి ఆస్పత్రి మంచం పక్కన, ఆయన మీ చెయ్యి సర్దిన క్షణం ఒకటి కూడా గుర్తుకొస్తుంది. ఇప్పుడది గొట్టాల వెనక దాగి ఉంది.

కాగితాలు, ఫొటోల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందువైపు అచ్చు పడుతుంది. పాత కాగితాలను లామినేషన్ చేయించకండి, మళ్లీ విడదీయలేరు. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయిన ఫొటోలను బలవంతంగా లాగకుండా, ఉన్నచోటే స్కాన్ చేయండి. చిన్న ఫొటోలకు స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి, అప్పుడే ముఖాలు పెద్దవి చేసినా చెదరవు. ప్రతిదానికీ మూడు నకళ్లు, రెండు వేరువేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఇంట్లో.

గొంతు మాత్రం ఇవాళే చూడండి. ఫోటోలు ఎవరో ఒకరి దగ్గర మిగులుతాయి, గొంతే ముందు పోతుంది. కుటుంబంలో అందరినీ అడగండి. పంపిన వాయిస్ మెసేజీలు, పెళ్లి వీడియోల్లో వెనక ఎక్కడో వినిపించే మాటలు, పాత క్యాసెట్లు. పాత ఫోను మార్చేస్తే, ఖాతా మూసేస్తే, సందేశాలు వాటితోపాటే పోతాయి. విడిగా దాచి నకలు తీయండి. అయస్కాంత టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది కాబట్టి, క్యాసెట్ దొరికితే వెంటనే డిజిటల్‌లోకి మార్పించండి. మా నాన్నగారిది మాకు మిగిలింది 11 సెకన్లు. ‘తలుపు వేసుకున్నావా? సరే, సరే’ అంటారు అందులో. మా అక్కకు నలతగా ఉన్న రోజున అది వింటుంది.

ఇప్పుడు వచ్చే నెల మీరు మాట్లాడవలసిన మాట. పుస్తకాన్ని కుదించి చెప్పాలని చూడకండి. పుట్టిన తేదీ నుంచి మొదలుపెట్టి వరసగా వస్తే, 30వ ఏడు చేరేసరికి వినేవాళ్లు అలసిపోతారు. అయిదారు నిమిషాలు చాలు. ఒక్క దృశ్యం తీసుకోండి. నేనైతే తలుపు దగ్గర దగ్గు తీసుకుంటాను. మీ చిన్నప్పుడు అది ఎలా వినబడేది, మీరు పెద్దయ్యాక దాని అర్థం ఎప్పుడు తెలిసింది, మనవల గది బయట కూడా ఆయన అలాగే దగ్గేవారా, ఇప్పుడు ఆ గుమ్మం ఎలా ఉంది. దాని చుట్టూ ఆయన జీవితంలోని మూడు నాలుగు సంగతులు వాటంతట అవే వచ్చి చేరతాయి. గుణాల పట్టిక చదవనక్కర్లేదు. దగ్గు అనగానే ఆ గదిలో సగం మంది తల ఎత్తుతారు.

పెద్ద అక్షరాలతో, వరసల మధ్య ఎడం ఉంచి, కాగితానికి ఒకవైపే రాసుకోండి. ముందు రోజు గట్టిగా చదివి చూడండి, మనసులో కాదు. ఏ వాక్యం దగ్గర గొంతు పట్టుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. దాని ముందు ఒక చుక్క పెట్టుకుని, అక్కడ ఆగి ఊపిరి తీసుకోండి. కన్నీళ్లు వస్తే ఆగండి, వినేవాళ్లు వేచి ఉంటారు. ఇంకో నకలు మీ అన్నయ్య చేతికి ఇచ్చి ఉంచండి, మీరు ఆగిన చోటి నుంచి ఆయన చదువుతారు. జ్ఞాపకాల్లో తేడా వచ్చిన మీరిద్దరూ ఒకే కాగితం నుంచి చదవడం నాన్నగారికి నచ్చే ఉండేదని నాకు అనిపిస్తోంది.

ఇవన్నీ ఒక్క నెలలో కావు, కానక్కర్లేదు. పుస్తకానికి ఏడాది పెట్టుకోండి. బాబాయిగారికి మాత్రం 88 ఏళ్లు, ఆయనకు మధ్యాహ్నం కంటే ఉదయం మనసు తేటగా ఉంటుందని మీరే రాశారు. ఈ ఆదివారం పొద్దున్నే బయలుదేరండి. పేర్లు తెలియని ఫొటోలు, ఒక పెన్సిలు, నిండా ఛార్జి చేసిన ఫోను పట్టుకెళ్లండి. రికార్డు చేస్తున్నామని ఆయనకు చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. మొదటి ప్రశ్న కావాలంటే నా దగ్గర ఒకటి ఉంది: ‘చిన్నప్పుడు మా నాన్నగారిని మీరంతా ఏమని పిలిచేవారు?’